కుంచం ఎవరి చేతిలో?

2025 డిసెంబరు 16న గిట్‌హబ్ తన యాక్షన్స్ సేవకు కొత్త ధరలు ప్రకటించింది. అందులో రెండు కబుర్లున్నాయి. గిట్‌హబ్ యంత్రాల మీదే బిల్డులు, డిప్లాయ్‌మెంట్లు నడిపించుకునేవాళ్లకు జనవరి నుంచి నిమిషం ధర తగ్గుతుంది, కొన్నింటికి 39 శాతం దాకా. ఇది తీపి కబురు. రెండోది చేదు. సొంత సర్వర్ మీద ఆ పనులు నడిపే రన్నర్ ప్రోగ్రామ్ పెట్టుకుని, ఆ సర్వర్ అద్దె తామే కట్టుకుంటున్నవాళ్లు కూడా 2026 మార్చి 1 నుంచి ప్రైవేటు ప్రాజెక్టులకు నిమిషానికి 0.002 డాలరు చెల్లించాలి. అప్పటిదాకా దానికి పైసా లేదు.

మర్నాటికల్లా గగ్గోలు పుట్టింది. గిట్‌హబ్ ఆ రెండో కబురును వాయిదా వేసింది.

0.002 డాలరంటే చిల్లర కాదు కదా, చిల్లరలో చిల్లర. నెలకు 3,000 నిమిషాలు వాడే చిన్న బృందానికి అయ్యేది 6 డాలర్లు. కానీ రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే ఒక్క రన్నర్ నెలకు 43,200 నిమిషాలు తిరుగుతుంది. దాని మీద పడేది 86 డాలర్ల 40 సెంట్లు. జర్మనీకి చెందిన హెట్జ్నర్ లాంటి చోట అయిదారు యూరోలకు నెలంతా అద్దెకు దొరికే చిన్న సర్వర్‌కు ఇది ఎన్నో రెట్లు. అయినా మండిపడినవాళ్లలో చాలామంది బాధ ఆ మొత్తం గురించి కాదు. రోడ్డు మీద టోలు కట్టడం వేరు, సొంత పొలం గట్టు మీద నడిచినందుకు టోలు కట్టడం వేరు.

గిట్‌హబ్ వైపు వాదన కూడా కొట్టిపారేయదగ్గది కాదు. ఏ పని ఎప్పుడు మొదలవ్వాలో చూసేది, దాన్ని రన్నర్‌కు అందించేది, లాగ్‌లు దాచేది, పాస్‌వర్డులను భద్రంగా పంపేది గిట్‌హబ్ యంత్రాలే. గట్టు మనదే అయినా, గట్టు చివర దీపం పట్టుకుని నిలబడ్డ మనిషికి జీతం ఎవరో ఒకరు ఇవ్వాలి. పేచీ అంతా ఆ జీతాన్ని నిమిషాల్లో కొలవడం దగ్గర వచ్చింది. సొంత యంత్రం పాతదై, నెమ్మదిగా నడిస్తే అదే పనికి ఎక్కువ నిమిషాలు పడతాయి. ఎక్కువ కట్టాలి. దీపం పట్టుకున్నవాడికి మాత్రం అదనంగా పడిన శ్రమ దాదాపు ఏమీ లేదు.

సొంత సర్వర్లకు డిప్లాయ్‌మెంట్‌ను ఆటోమేట్ చేసే సాధనాల ధరల చరిత్రంతా ఈ కొలత గొడవే. ధాన్యం కొలిచే రోజుల్లో బేరం ధర దగ్గర కంటే కుంచం దగ్గర ఎక్కువ నడిచేది: ఎవరి కుంచం, తలకొట్టి కొలుస్తారా, రాశిపోసి కొలుస్తారా అని. సాఫ్ట్‌వేర్‌లో సోల, తవ్వ, మానిక పోయి సర్వర్, యూజర్, నిమిషం, ప్రాజెక్టు, ఏజెంటు వచ్చాయి. ప్లాన్ పేజీలో పెద్దక్షరాల్లో కనిపించే అంకె కంటే, దాని కింద సన్నక్షరాల్లో ఉండే ‘ఒక్కో’ అనే మాట తర్వాత ఏముందన్నదే ముఖ్యం.

ఇంతకీ డబ్బు దేనికి? డిప్లాయ్‌మెంట్ అసలు కిటుకు ఎప్పుడో ఉచితమైపోయింది. 2005-06 ప్రాంతంలో 37సిగ్నల్స్‌లో పనిచేసిన జేమిస్ బక్ రూబీలో ఒక పనిముట్టు రాశాడు. మొదట స్విచ్‌టవర్ అన్నారు, తర్వాత కాపిస్ట్రానో అయింది. సర్వర్‌లో ‘రిలీజెస్’ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. ప్రతి డిప్లాయ్‌కూ అందులో తేదీ, సమయమే పేరుగా ఒక కొత్త ఫోల్డర్ తయారవుతుంది. కొత్త కోడ్ అందులోకి దిగుతుంది, కావాల్సిన లైబ్రరీలు సమకూరుతాయి. ఈ తతంగమంతా జరుగుతున్నంతసేపూ పాత కోడ్ నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది. అన్నీ సిద్ధమయ్యాక ‘కరెంట్’ అనే లింకు పాత ఫోల్డర్‌ను వదిలి కొత్త ఫోల్డర్ వైపు తిరుగుతుంది. రెప్పపాటు పని. ఏదైనా తేడా కొడితే లింకును వెనక్కి తిప్పడమే రోల్‌బ్యాక్. ఈనాడు నెలకు ఇన్ని డాలర్లని పుచ్చుకునే సేవల్లో చాలావాటి కడుపులో ఉన్నది ఈ లింకు తిప్పుడే.

మరి దీనికి జనం డబ్బెందుకు కడుతున్నారంటే, 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థకు జరిగింది గుర్తు చేసుకోవాలి. కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలో ఎక్కాలి. చేత్తో ఎక్కించారు. ఏడింటిలో ఎక్కింది, ఎనిమిదో దాంట్లో పాతదే మిగిలిపోయింది. ఎక్కిందో లేదో రెండో మనిషి సరిచూసే పద్ధతి లేదు. ఉదయం మార్కెట్ తెరవగానే ఆ ఎనిమిదో సర్వర్ ఎప్పుడో మూలన పడేసిన పాత కోడ్‌తో ఆర్డర్ల మీద ఆర్డర్లు గుప్పించింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మరుసటి ఏడాది అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 1.2 కోట్ల డాలర్ల జరిమానా కూడా వేసింది. ఆరు సర్వర్లలోకి ఒక్కొక్కటిగా లాగిన్ అయి, అర్ధరాత్రి కళ్లు నులుముకుంటూ అవే నాలుగు కమాండ్లు కొట్టినవాళ్లెవరికైనా ఆ ఎనిమిదో సర్వర్ కథ వింటే వెన్ను జలదరిస్తుంది. ఈ పని చేసిపెట్టే ప్యానెల్‌కు కట్టే డబ్బు లింకు తిప్పడానికి కాదు. అన్నిటిలోనూ తిరిగిందని చూసి చెప్పడానికి, ఎవరు తిప్పారో రాసి పెట్టడానికి.

చిన్న సంస్థలకు బాగా తెలిసిన ప్యానెల్ లారవెల్ ఫోర్జ్. టేలర్ ఆట్‌వెల్ దీన్ని 2014లో మొదలుపెట్టాడు. సర్వర్ మనం డిజిటల్ ఓషన్‌లోనో ఇంకోచోటో తీసుకుంటాం, ఫోర్జ్ వచ్చి దాన్ని సర్దిపెట్టి, గిట్‌లో కోడ్ మారినప్పుడల్లా డిప్లాయ్ చేస్తుంది. చాలా ఏళ్లు నెలకు 12, 19, 39 డాలర్ల మూడు మెట్లుగా దీని ధరలు నడిచాయి. మధ్య మెట్టు ఎక్కితే సర్వర్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు. వంద సర్వర్లున్నా 19 డాలర్లే! ఏజెన్సీలు దీన్ని ఎందుకంత ఇష్టపడ్డాయో వేరే చెప్పక్కర్లేదు. తమాషా ఏమిటంటే, సైటు ఒక్క క్షణం కూడా ఆగకుండా డిప్లాయ్ చేసే ఆ లింకు తిప్పుడు సదుపాయం చాలాకాలం ఫోర్జ్‌లో లేదు. అదే ఇంటి నుంచి వచ్చిన ఎన్వాయర్ అనే మరో సేవలో ఉండేది, దానికి వేరే చందా. ఇల్లు అద్దెకిచ్చి, గడియకు విడిగా అద్దె పుచ్చుకున్నట్టు! 2025లో ఫోర్జ్‌ను కొత్తగా కట్టినప్పుడు గడియ కూడా ఇంట్లోనే బిగించారు.

ఇదే కోవలోని సర్వర్‌పైలట్ 2018లో తన ఉచిత ప్లాన్ ఎత్తేసి, సర్వర్‌కింత, దాని మీద నడిచే ఒక్కో యాప్‌కింత అని లెక్క మార్చింది. ఒకే సర్వర్‌లో ఇరవై ముప్పై చిన్న సైట్లు కుక్కి నడిపేవాళ్లకు అది గట్టి దెబ్బ. హంగేరీకి చెందిన ఆండ్రాస్ బచాయ్ కూలిఫైది ఇంకో దారి. సొంతంగా నడుపుకుంటే అంతా ఉచితం, డబ్బిస్తేనే తెరుచుకునే గదులేవీ లేవు. ఆ నడపడం కూడా మా వల్ల కాదనేవాళ్లకు మాత్రం కూలిఫై క్లౌడ్ ఉంది. రెండు సర్వర్లకు నెలకు 5 డాలర్లు, ఆపైన ఒక్కో సర్వర్‌కు 3 డాలర్లు.

సర్వర్‌ను కొలిస్తే జనం సర్వర్లు తగ్గించుకుంటారు. స్టేజింగ్, ప్రొడక్షన్ రెండూ ఒకే యంత్రంలో కాపురం పెడతాయి. టెస్టింగ్ కోసం నింపిన చెత్త డేటా డిస్కు నిండా పేరుకుని, ఓ సాయంత్రం కస్టమర్ల సైటు కూలుతుంది. నెలకు మిగిలింది 3 డాలర్లు.

యూజర్ల లెక్క ఇంకో రకం. గిట్‌ల్యాబ్‌లో ఒకప్పుడు యూజర్‌కు నెలకు 4 డాలర్ల బ్రాంజ్ ప్లాన్ ఉండేది. 2021 జనవరిలో దాని అమ్మకం ఆపేశారు. తర్వాతి మెట్టు ప్రీమియం, 19 డాలర్లు. 2023 ఏప్రిల్‌లో అది 29 అయింది. అంటే రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే 4 డాలర్ల వాడికి ఎదురుగా 29 డాలర్ల మెట్టు. ఇక్కడ ఇంకో విశేషం ఉంది. గిట్‌ల్యాబ్‌ను వాళ్ల క్లౌడ్‌లో వాడినా, మన సర్వర్‌లో మనమే ఇన్‌స్టాల్ చేసుకుని, బ్యాకప్‌లు తీసుకుంటూ, అప్‌గ్రేడ్‌లకు శనివారాలు ధారపోసినా యూజర్ ధర ఒకటే. చాకిరీ మనం చేసినందుకు తగ్గింపేమీ లేదు. కాకపోతే ఒక్క మాట గిట్‌ల్యాబ్ తరఫున చెప్పాలి. డిప్లాయ్‌మెంట్ వరకే అయితే దాని ఉచిత ప్లాన్, సొంత రన్నర్లు చాలామందికి సరిపోతాయి. ప్రీమియం ధరలో ఆమోదాల ఏర్పాట్లు, సపోర్టు లాంటివి చాలా కలిసి ఉన్నాయి.

డిప్లాయ్‌మెంట్‌ను మనుషుల లెక్కన కొలవడంలోనే ఏదో తిరకాసుంది. బటన్ నొక్కేది నెలకు ఇద్దరో ముగ్గురో, మిగతా పనంతా యంత్రాలదే. అందుకే యూజర్ ధర పెరిగినచోటల్లా ఒకే లాగిన్ అందరూ పంచుకోవడం మొదలవుతుంది. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌కు పుష్ చేసిందెవరని లాగ్ తెరిచి చూస్తే ‘అడ్మిన్’ అని ఉంటుంది. టీమ్‌లో ఆరుగురూ అడ్మినే. ఎవరు చేశారో రాసి పెట్టడానికే కదా డబ్బు కట్టింది! పెద్ద కంపెనీలకు దీని అన్నగారు ఎదురవుతాడు. ఉద్యోగులు కంపెనీ లాగిన్‌తోనే లోపలికి వచ్చే సింగిల్ సైన్‌ఆన్ సదుపాయాన్ని చాలా సంస్థలు పై మెట్టులో దాస్తాయి. ఇంజనీర్లు దానికి ‘ఎస్‌ఎస్‌ఓ పన్ను’ అని పేరే పెట్టేశారు. తాళంచెవి పేదవాళ్లకు అక్కర్లేదన్న ధోరణి ఇది, ఎంతమాత్రం మెచ్చదగ్గది కాదు.

ఒకేసారి ఎన్ని పనులు నడుస్తాయో కొలిచే పద్ధతి వీటన్నిటిలో కొంత న్యాయంగా కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అజ్యూర్ డెవాప్స్‌లో మొదటి అయిదుగురు యూజర్లు ఉచితం, ఆపైన తలకు 6 డాలర్లు. సొంత సర్వర్ మీద ఒకసారికి ఒక పని చొప్పున నడుపుకుంటే నిమిషాల లెక్క లేదు, డబ్బూ లేదు. రెండో పని పక్కనే నడవాలంటే నెలకు 15 డాలర్లు. జెట్‌బ్రెయిన్స్ వారి టీమ్‌సిటీ మూడు ఏజెంట్ల దాకా ఉచితం. ఇలాంటి కొలతలో మోసపోయేదేం లేదు. డబ్బు పొదుపు చేస్తే క్యూ పెరుగుతుంది, కంటికి కనిపిస్తుంది. మధ్యాహ్నం మూడింటికి ఏడు బిల్డులు వరుసలో నిలబడితే, పదిహేను డాలర్లు కట్టమని డెవలపర్లే మేనేజర్ చెవిలో ఇల్లు కట్టుకుంటారు.

కుంచం మార్చడంలో అందరికంటే ఎక్కువ తంటాలు పడింది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో పుట్టిన ఆక్టోపస్ డిప్లాయ్ కావచ్చు. డిప్లాయ్‌మెంటే ప్రధాన పనిగా పెట్టుకున్న సంస్థ అది. పాల్ స్టోవెల్ మొదలుపెట్టిన ఆ సంస్థ తొలుత ఎడిషన్ల వారీగా లైసెన్సులు అమ్మింది. తర్వాత డిప్లాయ్‌మెంట్ టార్గెట్లను, అంటే కోడ్ ఎక్కాల్సిన యంత్రాలను లెక్కపెట్టింది. ఆపైన ప్రాజెక్టుల లెక్కకు వచ్చింది. ప్రతి మార్పులోనూ ఒకరికి లాభం, ఇంకొకరికి మోత. ఒకే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను వెయ్యి దుకాణాల్లోని యంత్రాలకు పంపే సంస్థకు టార్గెట్ల లెక్క అయితే నడ్డి విరుగుతుంది, ప్రాజెక్టు లెక్క అయితే అది ఒక్కటే. ఒక పెద్ద అప్లికేషన్‌ను ముప్పై మైక్రోసర్వీసులుగా విడగొట్టి నాలుగు సర్వర్లలో నడిపే సంస్థకు సరిగ్గా తలకిందులు. సాఫ్ట్‌వేర్‌ను ఎన్ని ముక్కలు చేయాలన్నది ఇంజనీరు తేల్చాల్సిన సంగతి. ప్రాజెక్టుల లెక్క వచ్చాక ఆ మీటింగ్‌లో అకౌంట్స్ విభాగం కూడా ఒక కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.

అమెజాన్ కోడ్‌డిప్లాయ్ లెక్క వీటన్నిటికంటే సూటిగా ఉంటుంది. అమెజాన్ సొంత క్లౌడ్ సర్వర్లకు డిప్లాయ్ చేస్తే రుసుము లేదు. బయట ఉన్న సొంత సర్వర్‌కైతే ఒక్కో సర్వర్‌ను ఒక్కోసారి అప్‌డేట్ చేసినందుకు 2 సెంట్లు. నెలకు వంద డిప్లాయ్‌లు, ప్రతిసారీ నాలుగు సర్వర్లు అనుకుంటే 8 డాలర్లు. ధర చిన్నదే. మా గూట్లో ఉంటే గింజలు ఉచితం, బయటి పిట్టకు మాత్రం లెక్క అన్న సంకేతం మాత్రం పెద్దది.

ఇక నోడ్‌ల లెక్క, అంటే అదుపులో ఉన్న ఒక్కో యంత్రానికింత అని. సర్వర్లను సర్దిపెట్టే ఆన్సిబుల్‌ను మైఖేల్ డిహాన్ 2012లో విడుదల చేశాడు, 2015లో రెడ్ హ్యాట్ కొనేసింది. కమాండ్ లైన్‌లో వాడితే ఉచితం. ప్యానెల్ కావాలంటే టవర్, పది నోడ్‌ల దాకా ఉచితంగా ఇచ్చి ఆపైన నోడ్‌ల లెక్కన వసూలు చేసేవారు. 2017లో ఆ టవర్ మూలకోడ్‌నే ఏడబ్ల్యుఎక్స్ పేరుతో బయటపెట్టారు, వాడుకునే ఓపికుంటే అదీ ఉచితమే. అలాంటిదే అయిన షెఫ్ 2019లో దీన్ని ఇంకో మలుపు తిప్పింది. కోడ్ మొత్తం ఓపెన్‌సోర్స్ చేసేసి, కట్టిపెట్టిన ప్యాకేజీలకు మాత్రం వ్యాపార వాడకంలో లైసెన్సు కావాలంది. వడ్లు ఉచితం, బియ్యానికి డబ్బు. వెంటనే కొందరు కలిసి సింక్ పేరుతో సొంత మిల్లు పెట్టుకున్నారు, అదే కోడ్‌ను ఉచిత ప్యాకేజీలుగా కట్టి ఇవ్వడానికి. మరుసటి ఏడాది షెఫ్‌ను 22 కోట్ల డాలర్లకు ప్రోగ్రెస్ అనే సంస్థ కొనుక్కుంది.

ఈ అమ్మకాల వరుస చూస్తే చందాదారు తెలుసుకోవాల్సిన విషయం ఒకటి తేలుతుంది: షరతులు ఎప్పుడైనా మారొచ్చు. షెఫ్ లాంటిదే అయిన పప్పెట్‌ను 2022లో పెర్‌ఫోర్స్ కొంది. 2024 చివర్లో దాని ప్యాకేజీలను కూడా ప్రైవేటు గదిలోకి తరలిస్తామంది, ఓపెన్‌వాక్స్ అనే చీలిక పుట్టింది. టెర్రాఫాం తయారుచేసిన హ్యాషికార్ప్ 2023 ఆగస్టులో లైసెన్సు మార్చింది, ఓపెన్‌టోఫు పుట్టింది. ఆ హ్యాషికార్ప్‌ను ఐబీఎం 640 కోట్ల డాలర్లకు తీసుకుంది. అట్లాసియన్ అయితే సొంత సర్వర్‌లో పెట్టుకునే ‘సర్వర్’ రకం లైసెన్సుల కొత్త అమ్మకాన్ని 2021 ఫిబ్రవరిలో ఆపి, 2024 ఫిబ్రవరి 15తో సపోర్టు కూడా ముగించింది. చిన్న టీమ్‌లు పది డాలర్లకు కొనుక్కున్న బాంబూ స్టార్టర్ లైసెన్సులు ఆ కాలానివి. ఒకసారి కొని గూట్లో పెట్టుకునే రోజులు దాదాపు పోయాయి. డొక్కు ప్రో లాంటి ఒకటి రెండు చోట్ల మాత్రం ఇప్పటికీ ఒక్కసారి కడితే చాలు. డొక్కు అంటే తెలుగు చెవికి వేరే అర్థం తట్టినా, 2013లో వంద వరుసల బాష్ స్క్రిప్టుగా పుట్టి ఇంకా చక్కగా నడుస్తున్న పనిముట్టు అది.

కాపిస్ట్రానో పుట్టింట్లోనే పద్దెనిమిదేళ్ల తర్వాత ఇంకో బిడ్డ పుట్టింది. 2022లో క్లౌడ్‌కు 32 లక్షల డాలర్లు కట్టిన 37సిగ్నల్స్, అది దండగని తేల్చుకుని సొంత సర్వర్లు కొని డేటా సెంటర్లలో పెట్టింది. వాటిలోకి కంటెయినర్లు ఎక్కించడానికి రాసుకున్నదే కమాల్. 2024లో వచ్చిన రూబీ ఫ్రేమ్‌వర్క్ రెయిల్స్ 8తో అది పెట్టెలోనే వస్తుంది. ప్యానెల్ లేదు, నెల చందా లేదు, లెక్కపెట్టే కుంచమే లేదు. ఒక కాన్ఫిగరేషన్ ఫైలు, ఒక కమాండ్. కానీ అది రాసినవాళ్లకు సర్వర్ల వాసన తెలిసిన ఇంజనీర్లు ముందే ఉన్నారు. ఆ మనిషి లేని ఆఫీసులో ‘ఉచితం’ అన్న మాటను జాగ్రత్తగా చదవాలి. డిప్లాయ్ సగంలో ఆగిపోయిన రాత్రి మూడు గంటలు కూర్చున్న డెవలపర్ జీతం ఏ ప్లాన్ పేజీలోనూ కనిపించదు, ఫోర్జ్ నెల చందాను మాత్రం తేలిగ్గా దాటేస్తుంది.

మన దగ్గర ఈ బిల్లులకు ఇంకో రెండు మడతలున్నాయి. సర్వర్ ఇప్పుడు పక్కనే ఉంటుంది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ తెరిచింది. ప్యానెల్ మాత్రం చాలావరకు విదేశానిది, చందా డాలర్లలో. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఇలా విదేశం నుంచి తెచ్చుకున్న సేవకు రివర్స్ చార్జ్ కింద 18 శాతం తానే కట్టి, తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్‌గా చూపుకోవాలి. 19 డాలర్ల చందాకు అంతా కలిపి మూడున్నర డాలర్ల పన్ను, దాని రాతకోతలకు మాత్రం అకౌంటెంటుకు అరపూట. రెండోది 2021 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన రిజర్వ్ బ్యాంకు నిబంధన. కార్డు మీద నెలనెలా దానంతటదే కోసుకునే చెల్లింపులకు ముందస్తు సమాచారం, కొత్త అనుమతి తప్పనిసరయ్యాయి. ప్రతిసారీ అదనపు ధ్రువీకరణ అడగకుండా కోసుకోగల పరిమితి మొదట 5,000 రూపాయలు, 2022 జూన్‌లో 15,000 అయింది. ఆ ఏర్పాటుకు సిద్ధపడని విదేశీ సేవల చందాలు ఒక్కొక్కటే విఫలమయ్యాయి. సొంత సర్వర్ గొప్పతనం అలాంటి రోజునే తెలిసొస్తుంది. ప్యానెల్ చందా ఆగినా సైటు ఆగదు, కోడ్ మన యంత్రంలోనే ఉంది. కాకపోతే కొత్త కోడ్ ఎక్కించడానికి బటన్ ఉండదు. సర్టిఫికెట్ల నవీకరణ కూడా ఆ ప్యానెల్ చేతిలోనే పెట్టి ఉంటే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చే తొంభై రోజుల గడువు తరుముకొస్తుంటుంది.

నలుగురు డెవలపర్లు, ఆరు సర్వర్లు ఉన్న ఒక చిన్న సంస్థను ఊహించుకుని ఈ ధరలన్నీ ఒక కాగితం మీద వేస్తే ఇలా ఉంటుంది. ఫోర్జ్ పాత మధ్య మెట్టు ధరలో 19 డాలర్లు. కూలిఫై క్లౌడ్ 17. అజ్యూర్ డెవాప్స్, ఒకసారికి ఒక పనితో సర్దుకుంటే సున్నా. గిట్‌ల్యాబ్ ప్రీమియం 116. ఇప్పుడు ఇంకో ఆరుగురిని తీసుకున్నారనుకుందాం. గిట్‌ల్యాబ్ 290కి ఎగబాకుతుంది, అజ్యూర్ 30 అవుతుంది, మిగతా రెండూ కదలవు. మనుషులు నలుగురే ఉండి, క్లయింట్లు పెరిగి సర్వర్లు ముప్పై అయ్యాయనుకుందాం. ఈసారి గిట్‌ల్యాబ్, అజ్యూర్, ఫోర్జ్ మూడూ నిశ్చలం. కూలిఫై 89కి వెళుతుంది. ఏది చవక అన్న ప్రశ్నకు జవాబు ధరల పట్టీలో లేదు. వచ్చే ఏడాది ఆ సంస్థలో పెరగబోయేది మనుషులా, యంత్రాలా అన్నదాంట్లో ఉంది.

ఆ కాగితంలో ధర, కొలత పక్కన మూడో గడి ఒకటి గీసుకుంటే ఇంకా మంచిది: ఈ సంస్థ ధరో, కొలతో చివరిసారి మార్చింది ఎప్పుడు? గిట్‌ల్యాబ్ ఎదురుగా 2021, 2023 పడతాయి. సర్వర్‌పైలట్ ఎదురుగా 2018. గిట్‌హబ్ సొంత రన్నర్ల గడిలో మాత్రం తేదీని పెన్సిల్‌తోనే రాసుకోవాలి. డిసెంబరు 17న వాళ్లు అన్నది వాయిదా అని, రద్దు అని కాదు.